రాజీవ్ చనిపోయిన పొద్దు బడిలో ఉన్నానంటాడు మా నాయన. మే నెలలో బడి ఏంది?

మీ ప్రశ్న పొడుగ్గా ఉంది, చదివేవాళ్ల కోసం నాలుగు ముక్కల్లో చెప్తాను. మీది ధర్మవరం పక్కన పల్లె, ఉద్యోగం బెంగళూరులో. మొన్న ఊరికి పోయినప్పుడు రాత్రి అన్నాల దగ్గర రాజీవ్ గాంధీ హత్య సంగతి వచ్చింది. ‘ఆ పొద్దు నేను బళ్లో ఉండా, ప్రేయర్లో సారు చెప్పి ఇండ్లకు పొమ్మన్నాడు’ అన్నాడు మీ నాయన. ‘నేను చెనిక్కాయ పనిలో ఉండా, పెద్దమ్మ ఏడుస్తా వచ్చి చెప్పింది’ అంది మీ అమ్మ. మీరు ఫోన్ తీసి చూస్తే 1991 మే 21, రాత్రి పూట. మీ నాయన పుట్టింది 1971లో. ఇరవై ఏళ్ల మనిషికి, అదీ మే నెలలో, బడి ఎక్కడిదని మీ అనుమానం. ఇద్దరూ ప్రమాణం చేసినంత గట్టిగా చెప్తున్నారు, కల్పించి చెప్తున్నారా, ఇట్లాంటివి రికార్డు చేసి పెట్టుకుంటే ఏమన్నా విలువుంటుందా, ఉంటే ఎట్ల అడగాలి అన్నారు.

ముందు జవాబు. మీ నాయన అబద్ధం చెప్పడం లేదు. ఆయన చెప్పేది వేరే రోజు. అది 1984 అక్టోబరు 31, ఇందిరాగాంధీని కాల్చి చంపిన రోజు. అప్పటికి ఆయనకు పదమూడేళ్లు. బడి, ప్రేయరు, సారు, ఇంటికి పంపడం అన్నీ అక్కడ సరిగ్గా కూర్చుంటాయి. మీ అమ్మ సంగతి మాత్రం ఒక్క మాట అడగందే తేలదు: చెనిక్కాయ (వేరుశనగ) పీకుతున్నారా, ఒలుస్తున్నారా? పీకుతుంటే ఇందిరమ్మ. ఒలుస్తుంటే రాజీవ్. ఆమెదే సరైన రోజు కావచ్చు కూడా.

నేను అనంతపురం జిల్లాలో డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్పి రిటైరయ్యాను. ఏటా వేసవి సెలవులకు ముందు పిల్లలకు ఒక పని ఇచ్చేవాణ్ణి. ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి, దేశమంతా అదిరిపోయిన ఏదో ఒక రోజు గురించి మాట్లాడించి, వాళ్ల మాటల్లోనే రాసుకొని రావాలి. ఆ కాగితాలు ఇప్పటికీ నా దగ్గర బీరువా నిండా ఉన్నాయి. రిటైరయ్యాక నేనే తిరిగి కొందరిని మాట్లాడించాను. మీ ఇంట్లో జరిగింది ఆ కాగితాల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. మన సీమలో ఇందిర, రాజీవ్ మరణాలు నలభై అయిదు దాటిన వాళ్ల తలల్లో ఒకదాంట్లోకి ఒకటి కారిపోయి ఉంటాయి.

ఎందుకు కారిపోవు? తల్లీ కొడుకులు. ఇద్దరూ హత్యకే పోయారు. రెండుసార్లూ అంత్యక్రియలు ఢిల్లీలో యమున ఒడ్డునే. రెండుసార్లూ ఎన్నికలు ముడిపడి ఉన్నాయి. పైగా రెండు వార్తలూ మన పల్లెలకు చేరింది బుధవారమే. 1984 అక్టోబరు 31 బుధవారం. రాజీవ్ మంగళవారం రాత్రి పది దాటాక పోయాడు, మనోళ్లలో ఎక్కువమందికి తెలిసింది తెల్లారి, 22వ తేదీ బుధవారం. (రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ కనిపించకుండా పోయిన 2009 సెప్టెంబరు 2 కూడా బుధవారమే. దీని మీద కడప వైపు వినిపించే మాటలు నేనిక్కడ రాయను.)

అందుకే ‘ఏ రోజు’ అని అడిగితే ఉపయోగం లేదు. తేదీ, సంవత్సరం మన పెద్దవాళ్ల జ్ఞాపకంలో ఉండవు. పొలం పని, ఎండ, చలి, పండగ, ఇంట్లో ఎవరు కడుపుతో ఉన్నారు, ఎవరికి పెండ్లి కుదిరింది, ఇవి ఉంటాయి. వాటిని పట్టుకొని తేదీకి నడవాలి. ఆ రెండు రోజులూ ఎట్లా ఉండేవో చెప్తాను, మీ రికార్డింగు పక్కన పెట్టుకొని సరిచూసుకోవచ్చు.

1984 అక్టోబరు 31. దీపావళి అయి వారం. పిల్లల దగ్గర ఇంకా మిగిలిన టపాకాయలు ఉండే రోజులు. చెనిక్కాయ చేలో కట్టె పీకే కాలం, ఊరి ఆడవాళ్లంతా చేలల్లోనే. బళ్లు నడుస్తున్నాయి. ఢిల్లీలో పొద్దున తొమ్మిదీ ఇరవై ప్రాంతంలో సఫ్దర్‌జంగ్ రోడ్డు ఇంటి తోటలో ఆమె అంగరక్షకులే కాల్చారు. ఎయిమ్స్‌కు తీసుకుపోయారు. చనిపోయినట్టు డాక్టర్లు చెప్పింది మధ్యాహ్నం రెండు దాటాక. మన ఆకాశవాణి ఆ మాట అధికారికంగా చెప్పేసరికి సాయంత్రం ఆరు. బీబీసీ అంతకు ముందే చెప్పేసింది. అంటే పగలంతా మన ఊర్లలో తిరిగింది సగం వార్త: ‘కాల్చినారంట’. ‘చచ్చిపోయింది’ అనేది ట్రాన్సిస్టర్‌లో బీబీసీ పెట్టగలిగిన ఇంటి నుంచి గుసగుసగా బయల్దేరి, పొద్దు గుంకేసరికి ఊరంతా అయింది.

కాబట్టి మీ నాయన చెప్పే దాంట్లో ఒక చిన్న మెలిక ఉంది. పొద్దున ప్రేయర్‌కు ఢిల్లీలో ఇంకా కాల్పులే జరగలేదు. ఆయన చెప్పే ‘ప్రేయర్’ మధ్యాహ్నం బెల్లు కొట్టి పిల్లల్ని మైదానంలో నిలబెట్టిన సందర్భమైనా కావాలి, తర్వాత బడి తెరిచినప్పుడు పెట్టిన సంతాప సభైనా కావాలి. నేను విన్న వాటిలో రెండూ ఉన్నాయి. ‘లైన్లో నిలబడినప్పుడు ఎండ ముందర కొడతా ఉండెనా, వెనకనా?’ అని అడిగి చూడండి. నవ్వుతారు గానీ చాలామంది చెప్పగలరు. బడి ఏ దిక్కుకు ఉందో ఆయనకు తెలుసు, మీకూ తెలుసు.

1991 మే 21, 22. నడి వేసవి. బడి లేదు. చేలల్లో పంట లేదు, దుక్కి దున్ని వాన కోసం చూసే కాలం. ఆడవాళ్లు ఇండ్లలో, అరుగుల మీద కూర్చొని విత్తనానికి చెనిక్కాయలు ఒలుస్తుంటారు. ఇది పట్టణం పిల్లలకు తట్టదు. చెనిక్కాయ అనగానే కోతే అనుకుంటారు. కానీ విత్తడానికి ముందు కాయ ఒలిచే పని మన జిల్లాలో వారాల తరబడి సాగుతుంది, కూలికి పోయి కూడా ఒలుస్తారు. మీ అమ్మ ‘చెనిక్కాయ పని’ అంది గానీ ‘చేను’ అనలేదు, మీరు రాసిన మాటలు చూస్తే. అందుకే ఆమెను తొందరపడి కొట్టేయొద్దంటున్నాను. పెద్దమ్మ ఏడుస్తా వచ్చింది ఏ పొద్దు? గుడ్డ పరిచి ఒలుస్తా ఉన్నారా, ఒంగి పీకుతున్నారా? చేతికి మట్టి ఉందా, వేళ్లు నొప్పులా? ఒక్క నిమిషంలో తేలిపోతుంది.

ఆ వేసవికి ఇంకో గుర్తు ఉంది: ఎన్నికలు. మే 20న మొదటి విడత పోలింగ్ అయింది. రాజీవ్ ఆ 21వ తేదీ ప్రచారంలో విశాఖపట్నం కూడా వచ్చి, అక్కడి నుంచే మద్రాసుకు విమానంలో పోయి, శ్రీపెరుంబుదూరు చేరాడు. హత్య తర్వాత మిగతా పోలింగ్‌ను జూన్ 12, 15కు వాయిదా వేశారు. ‘జీపుల్లో మైకులు మోగతా మోగతా ఒక్కసారిగా ఆగిపోయినాయి’ అని ఎవరన్నా అంటే అది రాజీవే. కర్నూలు వైపు వాళ్లకు మరో కొండగుర్తు ఉంది. అదే ఏడు నవంబరులో పీవీ నరసింహారావు ప్రధాని హోదాలో నంద్యాలలో నిలబడి 5 లక్షల 80 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని తెలుగుదేశం పోటీయే పెట్టలేదు. నంద్యాల చుట్టుపక్కల ముసలివాళ్లు ‘పీవీ వచ్చిన ఏడు’ అనకుండా 1991 గురించి మాట్లాడరు.

పంచాంగం కూడా సాక్షే. ఆ ఏడు అధిక వైశాఖం వచ్చింది, అది మే 14తో అయిపోయింది. నెలరోజులు ఆగిన ముహూర్తాలన్నీ ఆ తర్వాత వారాల్లో వచ్చి పడ్డాయి. కడపలో ఒకామె నాతో ‘రాజీవ్ గాంధీ చచ్చిపోయిన మూన్నాళ్లకు నా పెండ్లి’ అంది. ఇంటికి పోయి శుభలేఖ తీయించాను. మే 23, గురువారం. నిజానికి మూన్నాళ్లు కూడా కాదు, ఒక్క రోజు అడ్డం. ఆమెకు రాజీవ్ మొహం గుర్తు లేదు, వార్త ఎవరు చెప్పారో గుర్తు లేదు. గుర్తున్నదల్లా ఏమిటంటే, పెండ్లికొడుకు వాళ్ల బస్సు రాలేదు, సగం మంది లారీలో వచ్చారు, మేళం వాళ్లు రామన్నారు, వాళ్ల మేనమామ ఎవరి ట్రాన్సిస్టరో తెచ్చి సన్నాయి పెడదామనుకుంటే రేడియోలో విషాద వాద్యం తప్ప వేరే వస్తలేదు. ‘దాని కిందనే తాళి కట్టినాడు’ అని పడీ పడీ నవ్వింది. ఆ వారం కడప జిల్లాలో బస్సులు ఎట్లా ఉన్నాయో, రేడియో ఎట్లా ఉందో ఆ ఒక్కామె నుంచి నాకు తెలిసినంత ఏ పత్రికా చెప్పలేదు.

మీ రెండో అనుమానానికి, అంటే విలువ ఉందా అన్న దానికి, నా జవాబు ఆమెలోనే ఉంది. రాజీవ్ ఎట్లా చనిపోయాడో తెలుసుకోవడానికి మీ అమ్మానాన్నలు అక్కర్లేదు. దాని మీద విచారణలు, కోర్టు తీర్పులు ఉన్నాయి. ఒక వార్త ఫోన్ లేని మీ ఊరికి ఎవరి కాళ్ల మీద నడిచి వచ్చిందో మాత్రం ఎక్కడా లేదు. అది మీ ఇంట్లో తప్ప దొరకదు. వచ్చిన మనిషి ఎవరు, ముందు ఏ ఇంటికి పోయాడు, ఏ గేరికి (వీధికి) చివరికి తెలిసింది, ఎవరికి ఎవరూ చెప్పలేదు. నేను అడిగేదంతా దాదాపు దీని గురించే.

ఇక జ్ఞాపకం ఎందుకు ఇంత గట్టిగా ఉండి కూడా తప్పుతుందో రెండు మాటలు. దీని మీద మనస్తత్వ శాస్త్రజ్ఞులు చాలా పని చేశారు. 1977లో బ్రౌన్, కులిక్ అనే ఇద్దరు, కెనెడీ హత్య లాంటి వార్త విన్న క్షణం మనసులో ఫ్లాష్ కొట్టి ఫోటో తీసినట్టు నిలిచిపోతుందని రాశారు. తర్వాత ఉల్రిక్ నైసర్ అనే ఆయన దీన్ని పరీక్షకు పెట్టాడు. 1986 జనవరి 28న అమెరికా వ్యోమనౌక ఛాలెంజర్ పేలిపోయింది. మర్నాడు పొద్దున్నే తన యూనివర్సిటీ పిల్లల చేత ‘నిన్న ఈ వార్త ఎక్కడ, ఎట్లా విన్నారు’ అని రాయించాడు. రెండున్నరేళ్ల తర్వాత వాళ్లలో 44 మందిని మళ్లీ అడిగాడు. పదకొండు మంది పూర్తిగా తప్పు చెప్పారు. అన్నీ సరిగ్గా చెప్పింది ముగ్గురే. తప్పు చెప్పినవాళ్లు కూడా తమది నిజమని గట్టిగా నమ్మారు, వాళ్ల పాత చేతిరాతే ముందర పెట్టినా ఆ మొదటి జ్ఞాపకం తిరిగి రాలేదు. రెండున్నరేళ్లకే ఇట్లా ఉంటే మీ నాయనకు నలభై ఏళ్లయింది.

నైసర్‌ది ఇంకో సంగతి నాకు చాలా ఇష్టం. చిన్నప్పుడు 1941 డిసెంబరులో పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగిందని రేడియోలో బేస్‌బాల్ ఆట వింటుండగా తెలిసిందని ఆయనకు ఏళ్ల తరబడి గట్టి జ్ఞాపకం. పెద్దయ్యాక ఒకనాడు తట్టింది, డిసెంబరులో బేస్‌బాల్ ఆడరు. మీ నాయన మే నెల బడి కూడా ఇదే. అంత పెద్ద పండితుడికే తప్పలేదని ఆయనకు చెప్పండి.

ఇక ఎట్లా అడగాలి. నేను పిల్లలకు చెప్పేవి కొన్ని, ఒక వరసలో కాదు.

ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టండి. భార్యాభర్తలు కలిసి కూర్చుంటే పది నిమిషాల్లో ఒకరి జ్ఞాపకం ఇంకొకరిది అయిపోతుంది. మన ఇండ్లలో అయితే ఆయన మాటే మిగులుతుంది, ఆమె ‘అంతే లే’ అని ఊరుకుంటుంది. ముందు అమ్మను అడగండి, అదీ ఆయన ఇంట్లో లేనప్పుడు. తర్వాత ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టి ఇంకోసారి రికార్డు చేయండి. వాళ్లిద్దరూ కొట్లాడుకునే ఆ మూడో రికార్డింగు అన్నిటికంటే బాగుంటుంది.

పేరు పెట్టి మొదలుపెట్టొద్దు. ‘రాజీవ్ చనిపోయినప్పుడు యాడుండావు?’ అని అడిగారంటే మీరే ఆ రోజును ఆయన నోట్లో పెట్టినట్టు. ‘బడి మధ్యలో ఇంటికి పంపిన రోజు ఏదన్నా గుర్తుందా?’, ‘ఊరంతా పొయ్యి వెలిగించని రోజు ఉండెనా?’ అని అడగండి. పేరు ఆయన నోట్లోంచి రావాలి. ఇందిర పేరు వస్తుందో, రాజీవ్ పేరు వస్తుందో మీకే తెలుస్తుంది.

ఎట్లా అనిపించింది అని అడగొద్దు. అడిగితే ‘చానా బాధయింది’ అంటారు, అక్కడితో ఆగిపోతుంది. ఎవరు చెప్పారు, ఆ చెప్పిన మనిషి ఇంట్లోకి వచ్చాడా, వాకిట్లో నిలబడే చెప్పాడా, ఆ పొద్దు ఏం వండారు, తిన్నారా పారేశారా, రాత్రి ఎక్కడ పండుకున్నారు. ఈ పండుకోవడం అనేది చాలా పనికొస్తుంది. మిద్దె మీద, వాకిట్లో మంచాల మీద పండుకొని ఉండగా తెలిసిందంటే దాదాపు ఖాయంగా రాజీవ్. కంబళి కప్పుకొని లోపల పండుకున్నామంటే ఇందిరమ్మ.

అప్పటికి నేను పుట్టానా అని అడగండి. అక్క పుట్టిందా, మన బావిలో మోటారు పడిందా, ఇంటికి కరెంటు వచ్చిందా. అమ్మలు లెక్క పెట్టేది కాన్పులతోనే, ఆ లెక్క తప్పదు.

టీవీ దగ్గర మాత్రం అనుమానంగా వినండి. ‘బాంబు పేలడం టీవీలో చూసినాం’ అని ఖచ్చితంగా చెప్పినవాళ్లు నాకు చాలామందే తగిలారు. ఆ పేలుడు టీవీలో ప్రత్యక్షంగా రాలేదు. అప్పుడు మనకున్నది దూరదర్శన్ ఒక్కటే. ఆ చివరి క్షణాలు మనం చూసింది అక్కడే చనిపోయిన ఒక ఫోటోగ్రాఫర్ కెమెరాలో దొరికిన ఫోటోల వల్ల. వాటిని పత్రికల్లో, తర్వాత ఏళ్లలో టీవీల్లో ఇన్నిసార్లు చూశాం కాబట్టి అదే రాత్రి చూసినట్టు స్థిరపడిపోయింది. ఇందిర అంత్యక్రియలు మాత్రం దూరదర్శన్ ప్రత్యక్షంగా చూపించింది, 1984 నవంబరు 3, శనివారం. కాబట్టి ‘ఎవరింట్లోనో టీవీ ముందర ఊరంతా కూర్చున్నాం, చితి మండతా ఉంది’ అంటే అది నమ్మదగ్గ మాటే. ఎవరింట్లో అని అడగండి. ఆ ఇల్లు ఏది, అందరినీ లోపలికి రానిచ్చారా, కొందరు కిటికీ బయట నిలబడి చూశారా? మన ఊర్ల సంగతి ఆ కిటికీ దగ్గర తెలుస్తుంది.

ఇప్పుడు కాస్త జాగ్రత్తగా ఉండాల్సిన చోటు. 1984లో ఇందిరమ్మ మీద మన దగ్గర ఉన్నది ఒక్క ప్రేమే కాదు. ఆ ఆగస్టు 16న ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని గవర్నర్ రాంలాల్ బర్తరఫ్ చేశాడు, నెల రోజుల గొడవ తర్వాత సెప్టెంబరు 16న ఎన్టీఆర్ తిరిగి ముఖ్యమంత్రి అయ్యాడు. అదంతా ఢిల్లీ చేయించిందని ఊర్లన్నీ మండిపోయిన రోజులవి. నెలన్నర తిరక్కముందే ఆమె హత్య. కర్నూలులో పాత తెలుగుదేశం కార్యకర్త ఒకాయన ‘ఆగస్టులో ఈ నోటితోనే ఆమెను తిట్టినా. ఆ సాయంత్రం మా ఇంట్లో మా అమ్మ ఏడస్తా ఉంటే నాకు యాడ కూర్చోవల్లో తెల్లేదు’ అన్నాడు. అట్లాంటి మాట పడితే ఆయన్ని ఆపొద్దు, తర్వాతి ప్రశ్నకు పోవద్దు. ఊరికే కూర్చోండి. డిసెంబరు ఎన్నికల్లో దేశమంతా సానుభూతి గాలి వీస్తే మన రాష్ట్రం తెలుగుదేశానికి 30 లోక్‌సభ స్థానాలు ఇచ్చింది. ఏడ్చిన వాళ్లూ ఓటేసిన వాళ్లూ వేరు వేరు మనుషులు కారు. దాన్ని పుస్తకంలో రెండు వాక్యాల్లో చదవొచ్చు గానీ, ఒక మనిషి లోపల అది ఎట్లా ఉండేదో ఇట్లా వింటేనే తెలుస్తుంది.

1991లో అయితే తెలుగుదేశం వాళ్ల ఆస్తుల మీద దాడులు జరిగాయి. హైదరాబాదులో ఎన్టీఆర్ ఆస్తుల దగ్గర నుంచి జిల్లాల్లో పార్టీ వాళ్ల అంగళ్ల దాకా. మన సీమలో కొన్ని ఊర్లలో రాజీవ్ పేరు చెప్పుకొని పాత కక్షలు తీర్చుకున్నవాళ్లు ఉన్నారు, నాకు చెప్పినవాళ్లు ఉన్నారు. ఫ్యాక్షన్ ఊరైతే పేర్లు రికార్డులోనే ఉండనివ్వండి, బయటికి పెట్టొద్దు. ఎవరింటికి ఎవరు నిప్పు పెట్టారో మీ నాయన మామూలుగా చెప్పేస్తాడు, ఆయనకు అది పాత సంగతి. అవతలి ఇంటి మనవడు ఫేస్‌బుక్‌లో వింటే పాతది కాదు. నా దగ్గర అట్లాంటి కాగితాలు కొన్ని ఉన్నాయి, పేర్లు కొట్టేసి అక్షరాలు పెట్టాను, అసలువి ఎవరికీ చూపను.

ఇంకోటి. 1984 అంటే మన వైపు చాలామందికి ఏడుపు, సెలవు, రేడియో. అదే వారం ఢిల్లీలో సిక్కులను వెతికి వెతికి చంపారు, అధికారిక లెక్క ప్రకారమే ఢిల్లీ ఒక్క చోట 2,733 మంది. మనకేం సంబంధం అనుకోవద్దు. తాడిపత్రి లారీ డ్రైవరు ఒకాయన బెంగళూరు హైవే మీద తాము ఎప్పుడూ ఆగే ఒక పంజాబీ దాబా గురించి చెప్పాడు. ఆ వారం పోయేసరికి బోర్డు లేదు, మంచాలు లేవు, తందూరు పొయ్యి మీద బోర్లించిన గంగాళం. ‘ఆ సర్దార్జీ మాకు అప్పు పెట్టేవాడు. మళ్లా వస్తాడేమోనని డబ్బులు కట్టి పెట్టుకొన్యా. రాలేదు’. ఎంత బాకీ అన్నాను. చెప్పాడు, రూపాయలతో సహా. పెద్దవాళ్లతో 1984 గురించి మాట్లాడేటప్పుడు ‘ఆ తర్వాత ఎవరన్నా కనపడకుండా పోయినారా?’ అని తప్పకుండా అడగండి. అడగకపోతే ఎవరూ వాళ్లంతట వాళ్లు చెప్పరు.

వార్త ముందుగా తెలిసినవాళ్లు దొరికితే వదలొద్దు. పోస్టుమ్యాన్, బస్సు కండక్టరు, స్టేషన్ మాస్టరు, ముఖ్యంగా టెలిఫోన్ ఎక్స్చేంజి వాళ్లు. 1991 మే 21 రాత్రి డ్యూటీలో ఉన్న ఒక ఆపరేటరుతో నేను మాట్లాడాను, ఊరి పేరు వద్దు. నడిరాత్రికి ముందే ట్రంక్ కాల్ కలుపుతూ ఆయన చెవిన పడింది. ఊరంతా మిద్దెల మీద నిద్రపోతోంది, తెలిసింది ఆయనొక్కడికే. తెల్లారేదాకా ఎవరికీ చెప్పలేదు. ఎందుకని అడిగితే, ఎదురుగా ఉన్న అంగడి తెలుగుదేశం ఆయనదట, లేపి గొడవ చేస్తే రాళ్లు పడతాయని. నాలుగున్నరకు పోయి ఆ అంగడాయన్నే లేపి, సామాను తీసేసుకో అని చెప్పాడు. ఊర్లో రెండో మనిషికి వార్త అట్లా తెలిసింది. పల్లెలకు వచ్చే పేపర్లు ముందే అచ్చయి బస్సు ఎక్కుతాయి కాబట్టి, ఆ పొద్దున చాలా ఊర్లకు పేపరు వచ్చింది గానీ వార్త రాలేదు. రేడియో పెట్టినవాళ్లకే తెలిసింది.

రాజశేఖరరెడ్డి గారి సంగతి కూడా అడగాలా అని మీరు చివర్లో రాశారు. మన జిల్లాల్లో అడగకపోయినా వస్తుంది, అప్పుడు వేరే ఫైలుగా పెట్టండి. దాని స్వభావమే వేరు. అక్కడ తేదీ తప్పదు, అందరిళ్లలో టీవీ ఉంది. 2వ తేదీ పొద్దున బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయల్దేరిన హెలికాప్టర్ నల్లమల మీద కనిపించకుండా పోయింది, కర్నూలు జిల్లా పావురాలగుట్ట దగ్గర దొరికింది మర్నాడు పొద్దున. వార్త ఎవరు చెప్పారో ఎవరికీ గుర్తుండదు, ఎందుకంటే ఎవరూ చెప్పలేదు, అందరూ చూస్తూనే ఉన్నారు. గుర్తున్నది మధ్యలో రాత్రి. ఎవరెవరు కూర్చున్నారు, ఎవరు దీపం పెట్టారు, ఎవరు ‘అడవిలో నడిచి వస్తా ఉంటాడు’ అన్నారు. ఆ రాత్రి గురించే అడగండి.

మీ అసలు ఇబ్బంది ఒకటి మిగిలింది: తప్పని తెలిసినాక మీ నాయనకు చెప్పాలా వద్దా. చెప్పండి, కానీ మొదటి రికార్డింగు మొత్తం అయ్యాక, వేరే రోజు. ఫోన్ ఆన్‌లో పెట్టుకొనే చెప్పండి. నేను చూసినంతలో మగవాళ్లు ముందు వాదిస్తారు, మే నెలలో కూడా స్పెషల్ క్లాసులు ఉండేవంటారు. వాదించనివ్వండి. ‘అయితే 91లో ఆ ఎండాకాలం నువ్వు యాడుండావు నాయనా?’ అని మెల్లగా అడగండి. ఇరవై ఏళ్ల వయసులో, పంట లేని వేసవిలో, మన జిల్లా మగపిల్లలు చాలామంది ఊర్లో ఉండరు. బళ్లారిలోనో బెంగళూరులోనో ఏదో పనిలో ఉంటారు. అది ఆయన మీకు ఇంతవరకూ చెప్పి ఉండకపోవచ్చు. ఇంకో గంట బ్యాటరీ ఉండేట్టు చూసుకోండి.

మీ అమ్మ పీకడమో ఒలవడమో తేలినాక ఇక్కడే రాయండి. ఆ పెద్దమ్మ ఇంకా ఉంటే మాత్రం నాకు రాసేదాకా ఆగొద్దు, ముందు ఆమె దగ్గరికే పోండి.